సర్వేలో 4.3 వచ్చింది, సరఫరాదారు మాత్రం వెళ్లిపోయారు

ప్రశ్న: ఒక మధ్యస్థాయి సంస్థలో ప్రాజెక్టుల విభాగం నా బాధ్యత. సరఫరాదారులు, కస్టమర్లు, అనుమతులిచ్చే కార్యాలయాలు, మా సంస్థలోనే ఉన్న ఇతర విభాగాలు, అంతా కలిపి 40 మంది స్టేక్‌హోల్డర్లతో మాకు పని. నిరుడు వాళ్లందరికీ ఆన్‌లైన్‌లో ఒక సర్వే పంపాం. 'మా పనితీరుతో మీరు ఎంత తృప్తిగా ఉన్నారు' లాంటి ప్రశ్నలు ఐదు. 14 మంది జవాబిచ్చారు, సగటు 5కి 4.3 వచ్చింది. బాగుందనుకున్నాం. రెండు నెలలు తిరక్కుండానే మాకు చాలా ముఖ్యమైన సరఫరాదారు ఒకరు ఒప్పందం పొడిగించుకోబోమని చెప్పేశారు. ఈ ఏడాది మళ్లీ సర్వే చేసి నివేదిక ఇమ్మని పైవాళ్లు అడుగుతున్నారు. ప్రశ్నలు మారిస్తే సరిపోతుందా? సంబంధాల నాణ్యతను అసలు కొలవగలమా? నా టీమ్‌లో నాతో కలిపి ముగ్గురమే.

జవాబు: ప్రశ్నలు మార్చినంత మాత్రాన సరిపోదు. కొలవడం సాధ్యమే, కానీ సర్వే అందులో చివర వచ్చే చిన్న భాగం.

ముందు ఆ 4.3 సంగతి చూద్దాం. 40 మందిలో 14 మంది అంటే 35 శాతం. మిగిలిన 26 మంది మాట ఆ అంకెలో లేనే లేదు. వాళ్లంతా తీరిక లేకే జవాబివ్వలేదని అనుకోకండి. మనసు విరిగినవాళ్లు ఫిర్యాదు రాయడం కూడా మానేస్తారు. రెండోది, సగటు. 13 మంది సగటున 4.5 ఇచ్చి, ఒక్కరు 2 ఇచ్చినా మొత్తం 4.3 దగ్గరే తేలుతుంది. ఆ ఒక్కరి సరుకు మీదే మీ పనిలో సగం ఆధారపడి ఉన్నా, సగటు లెక్కలో ఆయన 14 మందిలో ఒకరే. మూడోది, అడిగింది ఎవరు? బిల్లులు పాస్ చేసేదీ, ఒప్పందం పొడిగించేదీ మీరే. అలాంటి మీరే మార్కులు అడిగితే మీ మీద ఆధారపడినవాళ్లు 2 ఎందుకు వేస్తారు? కాబట్టి వెళ్లిపోయిన సరఫరాదారు ఆ 14 మందిలో ఉన్నా, బయట ఉన్నా ఆయన అసంతృప్తి మీకు తెలిసే అవకాశం లేకపోయింది.

ఈసారి మూడు మార్చండి. అందరినీ కలిపి కాకుండా ఒక్కో సంబంధాన్నీ విడిగా చూడండి. మాటలు అడిగే ముందు రికార్డుల్లో ఉన్న నడవడిక చూడండి. మీ అంచనా, అవతలివాళ్ల అంచనా పక్కపక్కన పెట్టండి.

ఎవరిని ఎంచుకోవాలి

ముగ్గురు మనుషులతో 40 సంబంధాలను లోతుగా చూడలేరు. 12 తీసుకోండి. స్టేక్‌హోల్డర్ల ప్రాధాన్యాన్ని అధికారం, న్యాయబద్ధత, తక్షణావసరం అనే మూడు గుణాలతో తూచే పద్ధతిని 1997లో మిచెల్, ఏగల్, వుడ్ అనే పరిశోధకులు ప్రతిపాదించారు. మీ పనికి దాన్ని ఇలా కుదించుకోవచ్చు: ఈ పక్షం రేపు వెనక్కి తగ్గితే మా పని ఎన్ని రోజుల్లో ఆగిపోతుంది? వాళ్ల స్థానంలో మరొకరు దొరకాలంటే ఎన్నాళ్లు పడుతుంది? ఈ రెండింటి మీద పది పేర్లు తేలతాయి. మిగిలిన రెండూ మీ మీద ఏ అధికారమూ లేకపోయినా మీ నిర్ణయాల వల్ల ఎక్కువగా ప్రభావితమయ్యేవాళ్లవి కావాలి. ఇవాళ గొంతు లేనివాళ్లు రేపు మరొకరి ద్వారా గొంతు తెచ్చుకుంటారు. ఆ మాట ముందే మీ చెవిన పడటం మేలు.

ఒక సంస్థతో సంబంధం అంటే ఒకే సంబంధం అనుకోవద్దు. సరఫరాదారు కంపెనీలో యజమాని, సరుకు పంపే మేనేజరు, లెక్కలు చూసే ఉద్యోగి ఉంటారు. యజమానితో మీ పైవాళ్లకు ఎంతో చనువు ఉండవచ్చు. అదే సమయంలో లెక్కల ఉద్యోగి మీ దగ్గర ఆగిన బిల్లు కోసం ఐదోసారి ఫోన్ చేస్తూ ఉండవచ్చు. జాబితాలో సంస్థ పేరు పక్కన కనీసం రెండు స్థాయుల మనుషులను రాసుకోండి.

నాణ్యత అంటే దేన్ని చూడాలి

తృప్తి అందులో ఒక ముక్క మాత్రమే. మీ ఐదు ప్రశ్నలూ దాని చుట్టూనే తిరిగాయి. లిండా హాన్, జేమ్స్ గ్రూనిగ్ 1999లో సంబంధాల కొలత మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆరు కోణాలున్నాయి: నమ్మకం, నిర్ణయాల్లో ఎవరి మాట ఎంత చెల్లాలన్న ఒప్పుదల, తృప్తి, నిబద్ధత, ఇచ్చిపుచ్చుకునే లెక్క, లెక్క చూడకుండా ఒకరి మేలు ఒకరు కోరుకోవడం. వ్యాపార సంబంధంలో చివరి దాన్ని ఎక్కువగా ఆశించడం అత్యాశే. మొదటి రెండింటినీ మాత్రం వదలొద్దు.

నమ్మకాన్ని వాళ్లు మళ్లీ మూడుగా విడదీశారు: న్యాయంగా ఉంటారా, చెప్పింది చేస్తారా, చేసే సత్తా ఉందా. ఈ విభజన పనికొచ్చేది పరిష్కారం వెతికేటప్పుడు. 'వీళ్లు మంచివాళ్లే కానీ గడువు నిలబెట్టుకోలేరు' అని అవతలివాళ్లు అనుకుంటుంటే మీ షెడ్యూలు సరిచేసుకోవాలి. 'గడువు నిలబెట్టుకుంటారు కానీ మాకు నష్టం వచ్చే విషయాలు దాస్తారు' అనుకుంటుంటే ఎంత మంచి షెడ్యూలైనా పనిచేయదు. రెండూ సర్వేలో 3గానే కనిపిస్తాయి.

నిర్ణయాల్లో ఒప్పుదల అంటే సమాన వాటా అని కాదు. పెద్ద కస్టమర్ మాటే చెల్లుతుందని చిన్న సరఫరాదారుకు తెలుసు, ఒప్పుకుంటారు కూడా. తమ పనిని తలకిందులు చేసే మార్పు తమకే ఆఖరున తెలిసినప్పుడు మాత్రం ఒప్పుకోరు. సంబంధాలు చీలేది ఎక్కువగా ఇక్కడే. ఎవరూ కొలవనిది కూడా ఇదే.

ఒక చిన్న హెచ్చరిక. ప్రాజెక్టు మేనేజ్‌మెంట్‌లో స్టేక్‌హోల్డర్లను 'తెలియనివారు, వ్యతిరేకులు, తటస్థులు, మద్దతుదారులు, ముందుండి నడిపేవారు' అని ఐదు గడుల్లో పెట్టే పట్టిక ఒకటుంది. అది ప్రాజెక్టు పట్ల వాళ్ల వైఖరి చెబుతుంది, మీతో సంబంధం ఎలా ఉందో చెప్పదు. ప్రాజెక్టు కావాలనుకుంటూ మిమ్మల్ని నమ్మనివాళ్లు, మిమ్మల్ని నమ్ముతూనే ప్రాజెక్టు వద్దనేవాళ్లు ఇద్దరూ ఉంటారు.

ముందు మీ ఫైళ్లు తిరగేయండి

గత ఆరు నెలల మెయిళ్లు, మీటింగ్ మినిట్స్, బిల్లుల రిజిస్టరు తీయండి. ఒక్కో సంబంధానికి రెండు మూడు గంటలు పడుతుంది. చూడాల్సినవి ఇవి.

ఇచ్చిన మాటలు: మినిట్స్‌లోంచి ఒక్కో పక్షానికి 20 హామీలు ఏరండి, మీవి పది, వాళ్లవి పది. ఒక్కో దాని ఎదురుగా మూడింట్లో ఒకటి రాయండి: 'గడువుకు జరిగింది', 'గడువు లోపే చెప్పి తేదీ మార్చుకున్నారు', 'చెప్పకుండా దాటిపోయింది'. రెండోదాన్ని తప్పిన మాటగా లెక్కించవద్దు. ముందే చెప్పి మార్చుకోవడం ఆరోగ్యం ఉన్న సంబంధంలోనే జరుగుతుంది. మూడో గడిలో మీ వైపు ఎన్ని పడ్డాయో ముందు లెక్కపెట్టండి. చాలా టీమ్‌లు అవతలివాళ్ల తప్పిదాలను మాత్రమే రాసిపెట్టుకుంటాయి కాబట్టి, ఈ అంకె చూశాక గదిలో కొంచెంసేపు ఇబ్బందిగానే ఉంటుంది.

చెడు వార్త వేగం: ఒకే ఒక్క కొలత ఎంచుకోమంటే ఇదే ఎంచుకోమంటాం. ఆలస్యం, నాణ్యత లోపం, ధర మార్పు లాంటి ఐదు సంఘటనలు తీసుకోండి. సమస్య అవతలివాళ్లకు ఏ తేదీన తెలిసింది, మీకు ఏ తేదీన చెప్పారు, గడువుకు ఇంకా ఎన్ని రోజులు మిగిలి ఉన్నాయి అన్నవి రాయండి. మొదటి తేదీ మీ ఫైళ్లలో దొరక్కపోతే ఇప్పుడు అడిగినా చెబుతారు, పాత విషయం కదా. గడువుకు రెండు వారాల ముందు చెప్పే సరఫరాదారు, గడువు రోజున చెప్పడం మొదలుపెట్టారంటే ఏదో మారింది. ముందు చెప్పినప్పుడు మీవాళ్లు విరుచుకుపడ్డారేమో కూడా చూడండి. కోప్పడిన చోటుకు వార్తలు ఆలస్యంగానే వస్తాయి.

జవాబు రావడానికి పట్టే సమయం: సగటు వద్దు, మధ్యస్థ విలువ (అన్నిటినీ చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చితే సరిగ్గా నడుమ పడే అంకె) తీసుకోండి. లేకపోతే సెలవులో ఉన్నప్పటి ఒక్క జవాబు లెక్కంతా చెడగొడుతుంది. ఒకరిని మరొకరితో పోల్చవద్దు. అదే మనిషి మునుపటి మూడు నెలలతో ఇప్పటి మూడు నెలలను పోల్చండి.

మెయిల్ తీరు: ఒకప్పుడు ఫోన్‌లో తేలిన విషయాలకు ఇప్పుడు 'రాతపూర్వకంగా ధ్రువీకరించగలరు' అని వస్తోందా? సీసీలో పైఅధికారులు చేరారా? మీటింగులకు మేనేజరు బదులు నిర్ణయాధికారం లేని జూనియర్ వస్తున్నారా? ఇవి విడివిడిగా ఏమీ రుజువు చేయవు. కొన్ని సంస్థల్లో అది నియమం. కానీ ఒకే మూడు నెలల్లో రెండు మూడు కలిసి కనిపిస్తే అవతలివాళ్లు తమ జాగ్రత్త తాము పడుతున్నట్టే.

బిల్లులు: గడువు లోపల చెల్లించినవి ఎన్ని, ప్రశ్నలు వేసి వెనక్కి పంపినవి ఎన్ని, ఒకే బిల్లును రెండోసారి పంపినవి ఎన్ని. ఇది అకౌంట్స్ విభాగం వ్యవహారం కదా అని వదిలేయకండి. సరఫరాదారు దృష్టిలో మీ సంస్థ ముఖం అదే.

మీటింగుల సంఖ్యను మాత్రం ఈ జాబితాలో చేర్చవద్దు. నివేదికల్లో 'ఈ ఏడాది 86 సమావేశాలు జరిపాం' లాంటి వాక్యాలు గొప్పగా ఉంటాయి. నిజానికి ఒక సంబంధంలో మీటింగులు ఉన్నట్టుండి పెరిగాయంటే ఏదో ఇరుక్కుందనే ఎక్కువసార్లు అర్థం.

తర్వాత మనుషులతో మాట్లాడండి

ఒక్కో పక్షం నుంచి ఇద్దరు, ఒక్కొక్కరితో 40 నిమిషాలు. రోజూ వాళ్లతో పని చేసే మనిషి ఈ మాటలకు వెళ్లకూడదు. మీ ముగ్గురూ ఒకరి స్టేక్‌హోల్డర్లను మరొకరు మార్చుకోండి. ముగ్గురికీ బాగా పరిచయమైనవాళ్లయితే వేరే విభాగం నుంచి ఒకరిని అరువు తెచ్చుకోండి.

'మాతో ఎలా ఉంది' అని అడిగితే 'బాగానే ఉంది' అంటారు. అభిప్రాయం అడగవద్దు, జరిగిన సంగతి అడగండి:

- గత ఆరు నెలల్లో మాతో పని కష్టమైన సందర్భం ఒకటి చెప్పండి. అప్పుడు మాలో ఎవరికి చెప్పారు? ఆ తర్వాత ఏమైంది?
- మాకు చెబుదామనుకుని ఊరుకున్నది ఏదైనా ఉందా? ఎందుకు ఊరుకున్నారు?
- మా నిర్ణయాల్లో మీకు ఇంకా ముందే తెలిసి ఉండాల్సింది ఏది?
- మేం ఏ పని మానేస్తే మీకు తేలికవుతుంది?
- ఇదే పని ఇదే షరతులతో మరొకరు ఇస్తే, దేనికోసం మాతో ఉంటారు, దేనికోసం వెళ్తారు?

రెండో ప్రశ్న తర్వాత నిశ్శబ్దం వస్తుంది. దాన్ని మీరు నింపవద్దు. ఇక ఈ సంభాషణలను పాడుచేసే పెద్ద తప్పు సంజాయిషీ. 'అది అలా కాదండీ, అప్పుడు మా దగ్గర ఏమైందంటే' అన్న క్షణంలో అవతలివాళ్లు పుస్తకం మూసేస్తారు. మీరు చెప్పేది నిజమే కావచ్చు, అయినా ఆ రోజు చెప్పవద్దు. వాళ్లన్న మాటలను వాళ్ల మాటల్లోనే రాసుకోండి. 'సమన్వయ లోపం' అని మీ భాషలోకి మార్చుకుంటే అసలు విషయం పోతుంది.

పేరు బయటపెట్టబోమని హామీ ఇచ్చే ముందు ఆలోచించండి. ఒక సంస్థ నుంచి ఇద్దరే మాట్లాడినప్పుడు ఎవరన్నారో పసిగట్టడం కష్టం కాదు. అలాంటి చోట 'ఇది ఎవరెవరు చదువుతారు, ఎక్కడిదాకా వెళ్తుంది' అన్నది ఉన్నదున్నట్టు చెప్పండి. ఏది రాయాలో, ఏది రాయకూడదో వాళ్లనే నిర్ణయించనివ్వండి. సర్వే కూడా పెడితే, ఐదుగురి కన్నా తక్కువ మంది ఉన్న గుంపు ఫలితాలను విడిగా చూపవద్దు.

మార్కులు ఎలా వేయాలి

నాలుగు అంశాలు చాలు: మాట నిలబెట్టుకోవడం, దాపరికం లేకపోవడం, నిర్ణయాల్లో ఒప్పుదల, కొనసాగాలన్న ఇష్టం. ఒక్కోదానికి 1 నుంచి 4 దాకా. 5 పెడితే మధ్యలో 3 దగ్గర అందరూ తలదాచుకుంటారు. ఒక్కో అంకెకూ ఒక నడవడిక రాసి పెట్టుకోండి, లేకపోతే ఒకరి 3 మరొకరి 2 అవుతుంది. దాపరికం లేకపోవడానికి ఇలా:

1 – చెడు వార్త మూడో మనిషి ద్వారా తెలుస్తుంది.
2 – మనం అడిగితే చెబుతారు.
3 – తామే చెబుతారు, కానీ అప్పటికి చేయగలిగింది తక్కువ.
4 – సరిదిద్దుకునే వ్యవధి ఉండగానే చెబుతారు.

ఇద్దరు విడివిడిగా మార్కులు వేసి, తర్వాత కలిసి చూసుకోండి. రెండు మార్కుల తేడా వస్తే సగటు తీయకండి. ఆధారాలు బల్ల మీద పెట్టి మాట్లాడండి, ఒకరికి తెలిసింది మరొకరికి తెలియకపోవడమే సాధారణంగా కారణం. ఇదే పట్టికను అవతలివాళ్లకూ ఇచ్చి, మీకు మార్కులు వేయమనండి.

అసలు సమాచారం ఈ రెండు వరుసల మధ్య తేడాలో ఉంటుంది. మీరు 4 వేసుకున్న చోట వాళ్లు మీకు 2 వేస్తే అక్కడికి మొదట వెళ్లండి. నిరుడు మీకు జరిగింది బహుశా ఇదే. ఇద్దరూ 2 వేసుకుంటే పరిస్థితి అంత ప్రమాదం కాదు, సమస్య ఉందని ఇద్దరికీ తెలుసు, కూర్చుని మాట్లాడుకోవచ్చు. మీరు 2 వేసి వాళ్లు 4 వేస్తే, మీ ఇబ్బంది వాళ్లకు మీరెప్పుడూ చెప్పలేదన్నమాట. లేదా 4 తప్ప మరో అంకె వేసే ధైర్యం వాళ్లకు లేదు. ఏది నిజమో ఫైళ్లలో దొరికిన ఆధారాలే తేలుస్తాయి.

ఎన్‌పీఎస్ (నెట్ ప్రమోటర్ స్కోర్, 'మమ్మల్ని ఇతరులకు సిఫారసు చేస్తారా' అని అడిగి వేసే లెక్క) పెడదామని ఎవరైనా అంటారు. 2003లో ఫ్రెడ్ రైకెల్డ్ ప్రచారంలోకి తెచ్చిన ఆ లెక్కలో 0 నుంచి 10 మార్కులు ఉంటాయి. 9, 10 వేసినవాళ్ల శాతంలోంచి 0 నుంచి 6 వేసినవాళ్ల శాతం తీసేస్తారు. వేల మంది కస్టమర్లున్న చోట దానికి అర్థముంది. 12 మందిలో ఒక్కరు 9 నుంచి 6కి దిగితే స్కోరు దాదాపు 17 పాయింట్లు పడిపోతుంది. మీ పరిమాణానికి అది సరిపోదు.

అనుమతులిచ్చే కార్యాలయాలకు ఈ మార్కుల పట్టిక పంపవద్దు. అక్కడ మంచి సంబంధం అంటే చనువు కాదు, నియమం సడలించడం అసలే కాదు. దరఖాస్తు ఎన్నిసార్లు వెనక్కి వచ్చింది, ఒకే అభ్యంతరం రెండోసారి వచ్చిందా, దాఖలు చేసే ముందు సందేహం అడిగితే స్పష్టమైన జవాబు దొరుకుతోందా అన్నవి చూడండి. అభ్యంతరాలు మీ తప్పుల వల్ల వస్తుంటే అది సంబంధాల సమస్య కాదు, మీ కాగితాల సమస్య. మీ లోపలి విభాగాలకు మాత్రం పై పద్ధతి మార్పు లేకుండా సరిపోతుంది.

అవతల మనిషి మారితే ఆ తేదీ రాసుకుని మొదటి మూడు నెలలు మార్కులు వేయకండి. పాత సంబంధం ఆ మనిషితో వెళ్లిపోయింది, కొత్తది ఇంకా మొదలుకాలేదు. ఏడాదిలో ఒక్క భేదాభిప్రాయమూ నమోదు కాని సంబంధం కనిపిస్తే ఫైలు ఇంకోసారి తిరగేయండి. అంత సాఫీగా ఉండటం అరుదు. ఎవరో ఒకరు నోరు కట్టుకుని ఉండే అవకాశమే ఎక్కువ.

పని దినాలు, నివేదిక

ముగ్గురికి ఎనిమిది వారాలు పడుతుంది. మొదటి వారం జాబితా, తర్వాతి రెండు వారాలు రికార్డులు, నాలుగు నుంచి ఆరు దాకా సంభాషణలు, ఏడో వారం మార్కులు. ఎనిమిదో వారం మాట్లాడినవాళ్లందరి దగ్గరకూ తిరిగి వెళ్లండి: 'మీరు చెప్పినవాటిలో ఇవి చేస్తున్నాం, ఇది చేయలేం, కారణం ఇది.' ఈ చివరి వారాన్నే అందరూ ఎగ్గొడతారు. ఎగ్గొడితే వచ్చే ఏడాది మీకు మళ్లీ 'బాగానే ఉంది' అనే జవాబే వస్తుంది. రికార్డుల పరిశీలన మూడు నెలలకోసారి, సంభాషణలు ఏడాదికోసారి చాలు.

పైవాళ్లకు ఒకే పేజీ ఇవ్వండి. సగటు వద్దు. ఒక్కో వరుసలో సంబంధం పేరు, మన మార్కు, వాళ్ల మార్కు, నిరుటి నుంచి ఎటు కదిలింది, ఒక ఆధారం, చేయాల్సిన ఒక పని, ఎవరు, ఏ తేదీకి. ఒక్క అంకె కావాలని పట్టుబడితే '12 సంబంధాల్లో ఇన్నింటిలో మన అంచనాకూ వాళ్ల అంచనాకూ రెండు లేదా అంతకన్నా ఎక్కువ తేడా ఉంది' అన్న లెక్క ఇవ్వండి. ఈ మార్కులను మీ టీమ్ ఇంక్రిమెంట్లకు ముడిపెట్టనివ్వకండి. ముడిపడిన మరుక్షణం నుంచి మాట్లాడటానికి మంచి మాట చెప్పేవాళ్లనే ఎంపిక చేస్తారు.

మొదటి సంభాషణ మాత్రం ఆ వెళ్లిపోయిన సరఫరాదారుతో పెట్టుకోండి. మీతో పోగొట్టుకునేది ఇప్పుడు ఆయనకు తక్కువ, కాబట్టి దాచాల్సిందీ తక్కువ. వెళ్లాలని మొదటిసారి ఎప్పుడు అనిపించింది, ఆ వారంలో ఏం జరిగింది, మాలో ఎవరితోనైనా అన్నారా అని అడగండి. ఆ తేదీలు పట్టుకుని మీ మెయిళ్లు వెతికితే అప్పట్లో కనిపించీ పట్టించుకోని గుర్తులు దొరుకుతాయి. మిగతా సంబంధాల్లో మొదట వెతకాల్సినవి అవే. మీ దగ్గర ఆయన పాత బకాయి ఏదైనా ఉంటే అది తీర్చాకే కబురు పెట్టండి. డబ్బు ఇంకా మీ చేతిలో ఉంటే ఆయన అప్పుడూ ఆచితూచే మాట్లాడతారు.